మూడో తీర్మానం

"చూసుకో. చెయ్యి మాత్రం వెయ్యకు."

సీఐ విజయ్‌కుమార్ మినిట్స్ పుస్తకాన్ని బల్ల మీద తెరిచి, పేజీ లేవకుండా దాని మీద తన సెల్‌ఫోను పెట్టి, కుర్చీలో వెనక్కి జారగిలబడ్డాడు. బయట రెండు రోజులుగా వదలని ముసురు. స్టేషను చూరు నుంచి కారే నీళ్ళు వరండాలో పెట్టిన బకెట్‌లో టపటపమంటున్నాయి.

శామ్యూల్ చేతులు వెనక్కి కట్టుకుని పుస్తకం మీదికి వంగాడు. ఇదే బల్లకి ఆ చివర కూర్చుని ఆయన చాలా ఏళ్ళు స్టేషను రైటరుగా పనిచేశాడు. మనుషులు నోటితో చెప్పింది కాగితం మీదికి ఎక్కేసరికి ఎలా మారుతుందో దగ్గరుండి చూసినవాడు. ఇప్పుడు ఏలూరు పవర్‌పేటలో ఒంటిగది అద్దెకి తీసుకుని ప్రైవేటు డిటెక్టివ్‌గా బతుకుతున్నాడు. కొల్లేటి ఒడ్డున ఉన్న నడిమిలంక నుంచి లక్ష్మీదుర్గ అనే ఆవిడ నిన్న సాయంత్రం వచ్చి, "మా ఆయన్ని హత్య కేసులో పట్టుకుపోయారండీ" అని ఆ గది గుమ్మంలో కూలబడింది. అందుకే ఈ రాక.

పుస్తకంలో రాత ముత్యాలు పేర్చినట్టుంది. నడిమిలంక చేపల రైతుల సంఘం, గురువారం సాయంత్రం నాలుగు గంటలకు ఐసు ఫ్యాక్టరీ మేడ గదిలో కార్యవర్గ సమావేశం. పేజీ పైభాగాన హాజరైనవారి సంతకాలు ఐదు. అధ్యక్షుడు అమరేశ్వరరావు, కార్యదర్శి కనకరత్నం, కోశాధికారి వీరేంద్ర, సభ్యులు గంగాధరరావు, రామలక్ష్మి. సంతకాల కింద తీర్మానాలు మూడు.

"రెండోది చదువు. పైకి చదువు" అన్నాడు సీఐ.

శామ్యూల్ చదివాడు. "మురుగు కాలువ నీరు చెరువుల్లోకి ఎగదన్నుచున్నందున తూము షట్టరు ఈ సాయంత్రమే దించవలెననియు, కార్యదర్శి స్వయముగా వెళ్ళి ఆ పని చేయవలెననియు తీర్మానించడమైనది. ప్రతిపాదించినవారు, గంగాధరరావు. బలపరిచినవారు, అమరేశ్వరరావు."

"విన్నావుగా. అరవై దాటిన మనిషిని ఈ వానలో ఒంటరిగా తూము దగ్గరికి తోలాలన్న ఆలోచన ఎవరిది? గంగాధరరావుది. ఆరింటికి తూము దగ్గర కనిపించిందెవరు? గంగాధరరావు. తెల్లారి కనకరత్నం శవం ఎక్కడ తేలింది? ఆ తూము ముందరే, గుర్రపుడెక్కలో. తల వెనక దెబ్బ. ఏడాదిగా ఇద్దరికీ గట్టు తగాదా. ఇంకేం కావాలయ్యా నీకు?"

"ఈ మూడోదేంటి సార్?"

"అదా? ఆఫీసు గొడవ. మనకి పనికిరాదు."

శామ్యూల్ దాన్నీ చదువుకున్నాడు, ఈసారి మనసులో. కార్యదర్శి అందుబాటులో లేని సమయమున సంఘం తరఫున పత్రములపై సంతకము చేయు అధికారము కోశాధికారికి ఇవ్వడమైనది. ప్రతిపాదించినవారు, కనకరత్నం. బలపరిచినవారు, వీరేంద్ర.

సీఐ ఫోను తీసేసి పుస్తకం మూసేశాడు. "చచ్చిపోయినాయన తన పని తనే ఇంకొకరికి అప్పజెప్పుకున్నాడు. పాపం, ముందే తెలిసినట్టు." నవ్వాడు. "రైటరు పని చేసినోడివి కాబట్టి రాతలో ఏదో వెతుకుతావు. నేను మనిషిని వెతుకుతాను. దొరికాడు. ఐదింటికి మేజిస్ట్రేటు గారి ముందు పెడుతున్నాను."

"ఒక్కసారి ఆయనతో మాట్లాడనివ్వండి సార్."

"మాట్లాడు. గోడతో మాట్లాడినట్టే ఉంటుంది."

లాకప్పులో గంగాధరరావు మోకాళ్ళ మీద చేతులు వేసుకుని కూర్చున్నాడు. గోళ్ళ సందుల్లో చెరువు మట్టి ఇంకా పోలేదు. శామ్యూల్‌ని చూసి లేవబోయాడు.

"కూర్చోండి. తూము దగ్గరికి ఎందుకు వెళ్ళారు?"

"ఆయనకి ఆ షట్టరు చక్రం తిప్పడం కష్టమండీ. తుప్పు పట్టిపోయింది. ఓ చెయ్యి వేద్దామని వెళ్ళాను. ఎవరూ లేరు. షట్టరు ఎత్తే ఉంది. కాసేపు చూసి నేనే దించేసి ఇంటికెళ్ళిపోయాను."

"కనకరత్నం గారు కనబడలేదు?"

"లేదండీ. ఆయన బండి కూడా లేదు."

"మరి ఆయన్ని పంపాలని మీటింగులో పెట్టింది మీరేగా? సాయం చెయ్యాలనుకున్నవాళ్ళు, అసలు పంపడం దేనికి?"

గంగాధరరావు చూపు పక్కకి తప్పుకుంది. "పుస్తకంలో ఉంది కదండీ."

"పుస్తకాన్ని అడగట్లేదు. మిమ్మల్ని అడుగుతున్నాను. మీరే అన్నారా?"

"పుస్తకంలో ఏముంటే అదేనండీ నా మాట" అని గోడవైపు తిరిగిపోయాడు.

శామ్యూల్ ఎంతోమంది అబద్ధాలు రాసుకున్నాడు. అబద్ధమాడేవాడు ఎప్పుడూ తనని తాను బయట పడేసుకోవడానికి ఆడతాడు. ఈయన తనని తాను లోపల పెట్టించుకోవడానికి ఆడుతున్నాడు. ఇది కొత్త.

వరండాలో లక్ష్మీదుర్గ అన్నం క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని ఉంది. మూత తియ్యనేలేదు.

"ఏవన్నారండీ?"

"పుస్తకంలో ఉన్నదే తన మాట అన్నారు."

"సంఘం మాటొస్తే ఆయన అంతేనండీ, నోరు పెగలదు." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ రోజు ఇంటికొచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా ఒకటే విసుగు. ఈ వానలో ముసలాయన్ని తోలుతున్నారు, పొద్దున్నే చూసుకుందామంటే వినరు, ఇంత మొండితనం ఏంటి అని. అన్నం పెడతానన్నా ఆగలేదు, నేనూ ఎళ్ళొస్తానని బండి తీశారు."

"పొద్దున్నే చూసుకుందామన్నది ఆయనా?"

"మరేనండీ. సీఐ గారికి చెప్తే, పెళ్ళాం మాట ఎవడికి కావాలన్నారు."

ఒకే మనిషి, ఒకే సాయంత్రం, ఒకే విషయం. ఇంట్లో వద్దన్నాడు, పుస్తకంలో పంపమన్నాడు. శామ్యూల్ చొక్కా జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి ఆ రెండు ముక్కలూ పక్కపక్కన రాసుకున్నాడు. మధ్యలో గీత గీశాడు. గీతకి అటు విన్నది, ఇటు చూసింది, ఏదీ రెండోదాంట్లో కలవకూడదు. ఆయన పద్ధతి అది.

"వెళ్దామాండీ?" మెట్ల కింద గొడుగు పట్టుకుని వీరేంద్ర పిలిచాడు.

సంఘం కోశాధికారి ఇతనే. ముప్ఫై ఏళ్ళుంటాయి. తాడేపల్లిగూడెంలో చేపల మేత వ్యాపారం. ఆర్నెల్ల కిందట నడిమిలంకలో రెండు చెరువులు కౌలుకి తీసుకుని సంఘంలో చేరాడు. కంప్యూటరు పని తెలిసినవాడని రాగానే కోశాధికారిని చేశారు. లక్ష్మీదుర్గకి సాయంగా కారు ఇచ్చి, తనే నడుపుతూ పొద్దుటి నుంచీ వెంట ఉన్నాడు. "బాబాయి గారు ఈ పని చేశారంటే నేను నమ్మనండీ" అని ఇప్పటికి నాలుగుసార్లు అన్నాడు.

లక్ష్మీదుర్గ భర్త దగ్గరే ఉంటానంది. కారులో ఇద్దరే బయల్దేరారు. శామ్యూల్ ఎడమవైపు సీట్లో కూర్చుంటూ బురద కాళ్ళు ఎక్కడ పెట్టాలా అని చూశాడు. వీరేంద్ర కాళ్ళ కింద రబ్బరు మ్యాట్ ఉంది. ఈవైపు లేదు.

"పర్లేదండీ, పెట్టేయండి. కడగడానికి ఇచ్చాను" అన్నాడు వీరేంద్ర.

"మీటింగు ఎలా జరిగింది బాబూ?"

"మామూలేనండీ. తూము గురించి కాసేపు మాటా మాటా అనుకున్నారు. కనకరత్నం గారు రాసుకున్నారు. టీ తాగాం, దిగిపోయాం. నేనైతే ఇదంతా ల్యాప్‌టాప్‌లో పెట్టేద్దాం, ఎవరేమన్నారో రికార్డు కూడా చేద్దాం అన్నాను ఒకసారి. ఆయన ఒప్పుకోలేదు. మినిట్స్ అంటే జరిగిన గొడవ కాదు బాబూ, గొడవయ్యాక మిగిలిన మాట అనేవారు."

"మంచి మాటే. మూడో తీర్మానం ఆయనే పెట్టారా?"

వీరేంద్ర గేరు మార్చాడు. "ఆయనేనండీ. వయసైపోతోంది, బ్యాంకు కాగితాలకి తిరగలేకపోతున్నాను, నువ్వు పెడుతూ ఉండు బాబూ అన్నారు. నేను సరేనన్నాను. అందరూ లేస్తున్న టైములో అయింది, ఎవరైనా విన్నారో లేదో."

కారు హైవే దాటి గట్ల మధ్య సందుల్లోకి దిగింది. రెండు పక్కలా చెరువులు, వాటి మీద సన్నగా గుచ్చుకుంటున్న చినుకులు.

ఐసు ఫ్యాక్టరీలో మిషన్లు ఆపేశారు. కార్యదర్శి పోయాడని మూడు రోజులు మూత. మేడ గది తలుపు తీయగానే చెమ్మ, పాత కాగితం, అమ్మోనియా కలిసిన వాసన కొట్టింది. శామ్యూల్ గుమ్మంలోనే నిలబడి కాసేపు చూశాడు. వీరేంద్ర వెనకే నిలబడ్డాడు.

పొడుగు బల్ల. నాలుగు కుర్చీలు బల్ల చుట్టూ, లేచిపోయినవాళ్ళు తోసినట్టే ఉన్నాయి. ఐదోది, కిటికీ పక్కన వెలుతురు పడేచోట కార్యదర్శి కుర్చీ. దాని పక్కకి ఆ నాలుగింట్లో ఒకటి జరిపి ఉంది. రాసేవాడి భుజం మీంచి చూస్తే తప్ప అంత దగ్గర ఎవరూ కూర్చోరు. బల్ల మీద ఎర్ర సిరా స్టాంపు ప్యాడ్, గుండుసూదుల డబ్బా. కుర్చీ వెనక గోడకి మేకు. మేకుకి ఖాకీరంగు రెయిన్‌కోటు.

శామ్యూల్ దగ్గరికెళ్ళి కోటు అంచు పట్టుకున్నాడు. మడతల్లో దుమ్ము. జేబులో చెయ్యి పెడితే ఎండు వక్కపలుకులు తగిలాయి. చెమ్మగిలిన గదిలో ఉన్నా, వానలో తడిసిన గుర్తు ఎక్కడా లేదు.

"ఇదెవరిది బాబూ?"

"కనకరత్నం గారిదేనండీ. ఏమైనా దొరికిందా?"

"లేదు. కోటు బాగుంది" అని వదిలేశాడు.

కిందికి దిగి షెడ్డులోకి వెళ్ళాడు. ఐసు దిమ్మల మీద కప్పే ఊక బస్తాల వెనక పాత మోపెడ్ ఒకటి, సీటుకి పాలిథిన్ సంచి తొడిగి ఉంది. సంచి మీద కనకరత్నం పేరు పెన్నుతో రాసుంది. చక్రాలకి తడి తగలని దుమ్ము. గురువారం నుంచీ వానే. ఈ బండి ఆ రోజు వాన మొదలవకముందే వచ్చి ఆగింది, మళ్ళీ కదల్లేదు.

శామ్యూల్ షెడ్డు చూరు కింద నిలబడి సీఐకి ఫోను చేశాడు.

"సార్, కనకరత్నం బండి ఐసు ఫ్యాక్టరీలోనే ఉంది. రెయిన్‌కోటు గదిలో మేకుకే ఉంది."

"ఉంటే?"

"తూము ఇక్కడికి రెండు కిలోమీటర్లు సార్. వానలో, కోటు వదిలేసి, బండి వదిలేసి, ఆ వయసు మనిషి నడిచి వెళ్ళాడంటారా?"

"నడిచాడో పాకాడో, వెళ్ళాడు. చచ్చాడు."

"కోటు అక్కర్లేకుండా వెళ్ళాడు సార్. అంటే నెత్తిన కప్పు ఉన్నదాంట్లో వెళ్ళాడు. గంగాధరరావుకి ఉన్నది మోటారు సైకిలు. పైగా ఆయన వెళ్ళేసరికి షట్టరు ఎత్తే ఉంది, ఆయనే దించాడు. అంటే అప్పటికి కనకరత్నం ఇంకా అక్కడికి రాలేదు. ఆ తర్వాత బండీ కోటూ లేకుండా వెళ్ళాలంటే ఎవరైనా తీసుకెళ్ళాలి."

సీఐ గొంతు గట్టిపడింది. "శామ్యూల్, నీకు ఇచ్చింది చూడ్డానికి, కథ చెప్పడానికి కాదు. పుస్తకంలో గంగాధరరావు పేరు ఉంది. ఐదుగురు సంతకాలు పెట్టారు. వాళ్ళల్లో ఒక్కడైనా, ఆ ప్రతిపాదన వాడిది కాదని నా ముందు నిలబడి చెప్పమను. అప్పుడు వింటాను. అందాకా ఫోను చెయ్యకు."

లైను తెగిపోయింది. శామ్యూల్ వెనక్కి తిరిగాడు. వీరేంద్ర బస్తాల పక్కనే, గొడుగు మడుచుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో అలికిడి కాలేదు.

"ఏవన్నారండీ సీఐ గారు?"

"నమ్మలేదు."

"అలాగాండీ" అన్నాడు వీరేంద్ర. ఈసారి బాబాయి గారి మాట ఎత్తలేదు.

ఐదుగురిలో ఒకడు పోయాడు. ఒకడు లాకప్పులో ఉన్నాడు. అధ్యక్షుడు అమరేశ్వరరావు, కనకరత్నం శవాన్ని చూశాక రక్తపోటు పెరిగి, ఏలూరు ఆసుపత్రిలో మాట లేకుండా పడున్నాడు. మిగిలింది రామలక్ష్మి.

ఆవిడ చెరువు గట్టు మీద రేకుల షెడ్డులో, తవుడూ చెక్కా కలిపిన మేతని బొక్కలు పెట్టిన సంచుల్లోకి ఎత్తుతోంది. యాభై ఐదేళ్ళ మనిషి. మొగుడు పోయాక పదెకరాల చెరువు ఒక్కతే చేసుకొస్తోంది. శామ్యూల్ కారులోనే ఉండమని వీరేంద్రకి చెప్పి, తడుస్తూ గట్టెక్కాడు.

"గంగాధరరావు గారి తరఫున వచ్చానండీ."

"తెలుసండి. లక్ష్మీదుర్గ చెప్పింది." చేతులు ఆగలేదు. "ఆ పీట మీద కూర్చోండి. తడిగా ఉంటది, చూస్కోండి."

"తూముకి మనిషిని పంపుదామన్నది గంగాధరరావు గారేనా?"

"పుస్తకంలో ఉంది కదండి."

మళ్ళీ అదే మాట, అదే గొంతు. వేరువేరు మనుషుల నోట ఒకే మాట వచ్చిందంటే, అది వాళ్ళు అనుకున్న మాట కాదు, వాళ్ళు కట్టుబడ్డ మాట. శామ్యూల్ జేబులోంచి నోట్‌బుక్ తీశాడు. రామలక్ష్మి చెయ్యి ఆగిపోయింది. ఆయన దాన్ని తెరవకుండా, పెన్ను కూడా దాని మీదే పెట్టి, ఆవిడ పక్కనున్న మేత బస్తా మీద ఉంచాడు.

"నేను రాయను. మీ దగ్గరే ఉంచండి. ఐదింటికి ఆయన్ని జైలుకి పంపేస్తారు. ఆయన భార్యతో ఒక మాట, పుస్తకంలో ఇంకో మాట. రెండూ ఆయనవే ఎలా అవుతాయో నాకు తెలియట్లేదు. మీకు తెలుసు."

ఆవిడ సంచి మూతి కట్టేసింది. రేకుల మీద వాన పెరిగింది.

"చెప్తే ఏమవుద్దో తెలుసాండి? మా సంఘం తీర్మానాలు ఒక్కటీ నిలబడదు. కౌళ్ళు, బ్యాంకు అప్పులు, గట్ల హద్దులు, అన్నీ మళ్ళీ కోర్టుకెళ్తాయి. అందుకే ఆయన నోరు విప్పడం లేదు. ఊరంతా ముణిగే కంటే నేనొక్కణ్ణే ముణుగుతాననుకునే రకం."

"మునగాల్సింది ఆయన కాదుగా."

ఆవిడ చేతుల తవుడు దులుపుకుంది. "కొల్లేరు ఆక్రమించారని సర్కారోళ్ళు వచ్చి మా చెరువుల గట్లు తెంపేసిన ఏడు, మిగిలిన చెరువులు ఎట్లా పంచుకోవాలని మీటింగులు పెట్టుకున్నామండి. ఈరోజు సరేనన్నోడు రేపు పొద్దున్నే కోర్టుకెళ్ళేవాడు. నేను ఆ తీర్మానానికి వ్యతిరేకం, నా పేరెక్కడుందో చూపించండి అని. అట్లా ఏళ్ళ తరబడి తిరిగాం. అప్పుడు కనకరత్నం గారే ఈ దారి పెట్టారు. ఎవరైతే వద్దని గట్టిగా వాదిస్తారో, చివరికి వాళ్ళు ఒప్పుకున్నాక, ప్రతిపాదించినవారు అని వాళ్ళ పేరే రాయాలి. ఆలోచన తెచ్చినోడి పేరు బలపరిచినవారి దగ్గర రాయాలి. ఇంక వద్దన్నోడు కోర్టుకెళ్ళి ఏమంటాడు? ప్రతిపాదించిందే తను."

శామ్యూల్ పీట మీద ముందుకి జరిగాడు.

"ఓడినోడికి అదొక మర్యాద కూడానండి. పుస్తకంలో ముందు వాడి పేరు ఉంటది. అప్పట్నించీ ఒక్క కేసు లేదు. పాతోళ్ళందరికీ తెలుసు. కొత్తగా వచ్చినోళ్ళకి చెప్పం, వాళ్ళు ఓడిన రోజు వాళ్ళకే తెలుస్తది."

"అయితే గురువారం..."

"తూము ఇవాళే దించాలి, కార్యదర్శే వెళ్ళాలి అన్నది అమరేశ్వరరావు గారు. వద్దు, వానలో ఆయన్ని పంపొద్దని బల్ల గుద్ది అరిచింది గంగాధరం."

సీఐ ఎవరి నెత్తిన హత్య పెట్టాడో ఆ మనిషి, చచ్చిపోయినవాణ్ణి ఆపడానికి ప్రయత్నించిన ఒకే ఒక్కడు. కానీ శామ్యూల్ కళ్ళముందు ఇప్పుడు రెండో తీర్మానం లేదు. దాని కింద ఇంకో మూడు వరుసలు ఉన్నాయి.

"రామలక్ష్మి గారూ, కనకరత్నం గారి పేరు ఎప్పుడైనా తీర్మానం కింద వచ్చిందాండీ?"

"రాదండి. రాసే చెయ్యి ఏ పక్కా ఉండకూడదనేవారు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన పేరు ఎక్కడా వేసుకోలేదు."

"మరి మూడో తీర్మానం అప్పుడు ఎవరేమన్నారు?"

ఆవిడ తలెత్తి వింతగా చూసింది. "మూడోదేంటండి? టీ తాగాక ఆయన చదివి వినిపించింది రెండే. మేం దిగేసరికి ఆయన ఇంకా పుస్తకం సర్దుకుంటున్నారు."

శామ్యూల్ నోరు తెరిచాడు.

"సార్, వాన పెరుగుతోందండీ. మళ్ళీ గట్టు మీద కారు జారిపోద్ది." షెడ్డు గుంజ పక్కన వీరేంద్ర గొడుగుతో నిలబడి ఉన్నాడు. "నమస్కారమండీ రామలక్ష్మి గారూ. మేత అయిపోతే చెప్పండి, పంపిస్తాను."

"ఇంకా ఉందిలే బాబూ" అంది ఆవిడ. నోట్‌బుక్ తీసి శామ్యూల్ చేతికిస్తూ, "గంగాధరం సంగతి ఏదైనా తెలిస్తే నాకూ చెప్పండి. లక్ష్మీదుర్గ ఫోన్లో నా నెంబరుంది" అంది.

"పొద్దున్నే ఆవిడ మీ అందరి నెంబర్లూ ఇచ్చిందండీ" అన్నాడు శామ్యూల్. అంతకంటే ఏమీ అనే వీలు లేకపోయింది.

కారు కదిలింది. శామ్యూల్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. మనసులో మాత్రం ఐసు ఫ్యాక్టరీ మేడ గది తలుపు మళ్ళీ తెరుచుకుంది. నలుగురూ దిగిపోయారు. ఒకడు తిరిగి మేడెక్కాడు. కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. రాయమన్నాడు. సంతకాలు పేజీ పైనే ఉన్నాయి, కింద ఖాళీ ఉంది. ముసలాయన కాదన్నాడు. ఏం పెట్టి బెదిరించాడో, ఎంతసేపు కాదన్నాడో తెలీదు. చివరికి రాశాడు. తప్పులేకుండా, చెయ్యి వణక్కుండా, ఒక్క దిద్దుబాటు లేకుండా రాశాడు. జీవితంలో మొదటిసారి తన పేరు వేసుకున్నాడు.

ప్రతిపాదించినవారు, కనకరత్నం. అంటే, నేను చివరిదాకా వద్దన్నాను.

బలపరిచినవారు, వీరేంద్ర. అంటే, ఇది ఇతని పని.

పక్కన కూర్చున్నవాడు ఆ రెండు పేర్లనీ చదివే ఉంటాడు. చదివి సంతోషించి ఉంటాడు. ముసలాయనే ఇష్టపడి అప్పజెప్పినట్టుంది కదా అని. సంఘం డబ్బూ అప్పులూ తన సంతకంతో నడవాలంటే కార్యదర్శి అందుబాటులో లేని సమయం రావాలి, ఆ సమయం అదే సాయంత్రం తెచ్చేశాడు. రండి, తూము దగ్గర దింపుతాను, తడవకుండా అని ఉంటాడు. రెయిన్‌కోటు మేకుకే ఉండిపోయింది. మనిషి ఈ సీట్లోనే కూర్చున్నాడు. ఆయన కాళ్ళు ఇక్కడే ఉన్నాయి, ఇప్పుడు తన కాళ్ళున్నచోట, అప్పుడు మ్యాట్ ఉన్నచోట.

కాలువ వంతెన దగ్గర ఏలూరు రోడ్డు కుడివైపుకి పోతుంది. కారు ఎడమవైపు గట్టెక్కింది.

"ఇటెక్కడికి బాబూ?"

"తూము చూడలేదు కదండీ మీరు. ఇంత దూరం వచ్చి, చూడకుండా వెళ్తే ఎలా? రెండు నిమిషాల పని." వీరేంద్ర గొంతులో మర్యాద ఎక్కడా తగ్గలేదు. "ఆవిడ ఏమైనా చెప్పిందాండీ?"

"పుస్తకంలో ఉన్నదేనంది."

"అంతేనాండీ?"

"అంతే."

గట్టుకి అటూ ఇటూ కిక్కిస దుబ్బులు కారుని రాసుకుంటున్నాయి. ఎదురుగా మనిషి అలికిడి లేదు. శామ్యూల్ ఫోను తీశాడు. వీరేంద్ర చూపు రోడ్డు మీంచి ఇటు తిరిగింది.

సీఐకి చేస్తే ఒక్క మాట పూర్తవదు. కాపాడండి అని రాస్తే ఆ మాట ఇతనూ చదువుతాడు. శామ్యూల్ బొటనవేలితో మెల్లగా, దాచుకోకుండా, ఒళ్ళో పెట్టుకుని టైపు చేశాడు. రామలక్ష్మి నెంబరుకి పంపి, అడక్కముందే ఫోను అటు తిప్పి చూపించాడు.

వీరేంద్ర వేగం తగ్గించి చదివాడు. "తీర్మానం 3. తూము దగ్గరకు ఇప్పుడే వెళ్ళుటకు తీర్మానించడమైనది. ప్రతిపాదించినవారు, శామ్యూల్. బలపరిచినవారు, వీరేంద్ర." పకపకా నవ్వాడు. "ఇదేంటండీ, మినిట్స్‌లా రాశారు?"

"పాత అలవాటు బాబూ. ఎక్కడికి వెళ్ళినా రికార్డు ఉండాలి."

"ఉండాలండీ, ఉండాల్సిందే." వీరేంద్ర మొహంలో ఏదో బరువు దిగినట్టయింది. "మంచి పని చేశారు. రేపెవరైనా అడిగితే, వెళ్దామన్నది మీరేనని ఉంటుంది కదా."

శామ్యూల్ ఫోను ఒళ్ళో పెట్టుకున్నాడు. మెసేజి పక్కన ఒక్క టిక్కే ఉంది. ఈ లంకల్లో సిగ్నలు వాన పడితే చచ్చిపోతుంది. స్టేషన్లో ఇప్పుడు రిమాండు కాగితాలు టైపవుతూ ఉంటాయి. వరండాలో ఆ క్యారేజీ మూత ఇంకా తెరవలేదేమో. తనకి ఏమైనా అయితే, ఆ రాత పద్ధతి తెలిసి చెప్పగలిగినవాళ్ళు ఒకే ఒక్కరు. చెప్తే ఊరు కోర్టుకెక్కుతుంది. చెప్పకపోతే గంగాధరరావు జైలుకెక్కుతాడు. ఆ లెక్క ఆవిడ ఒక్కతే రేకుల కింద కూర్చుని తేల్చుకోవాలి.

తూము కనబడింది. తుప్పు పట్టిన షట్టరు చక్రం, దాని ముందు ఒత్తుగా గుర్రపుడెక్క. మధ్యలో శవాన్ని లాగినచోట నల్లటి నీళ్ళ మడుగు ఇంకా మూసుకోలేదు.

రెండో టిక్కు పడింది. రెండూ నీలంగా మారాయి.

వీరేంద్ర ఇంజను ఆపాడు. వైపర్లు సగంలో ఆగిపోయాయి. అద్దం మీద వాన పరుచుకుని లోకం కనిపించకుండా పోయింది. అతను వెనక సీటు కిందికి చెయ్యి చాచి దేనికోసమో తడిమాడు. ఇనుము ఇనుముని తాకిన చప్పుడైంది.

అప్పుడే ఒళ్ళో ఫోను వెలిగింది. వీరేంద్ర తల వంచి చూశాడు.

"చదివి ఆమోదించడమైనది. చదివి వినిపించడానికి స్టేషనుకు బయలుదేరాను. రామలక్ష్మి."

"ఆవిడ కూడా ఆమోదించేసింది చూశారాండీ" అని నవ్వబోయాడు వీరేంద్ర. రెండో ముక్క మళ్ళీ చదివాడు. పెదవులు కదిలాయి, కానీ నవ్వు అక్కడే ఆగిపోయింది.

"ఎవరికి వినిపించడానికండీ?" అన్నాడు మెల్లగా.

అతని వేలు తన పక్క తలుపు మీద మీటని నొక్కింది. కారు నాలుగు తలుపులూ ఒక్కసారిగా టక్కుమని లాకయ్యాయి.